బావి పనికి గంట లెక్క

మా అత్త బుచ్చవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా హుజూరాబాద్‌లో మా సాలెవాడ మొత్తానికీ జడ్జి ఆమే. భూముల తగాదాలకు కాదు, మొగుడూ పెళ్ళాల పంచాయితీలకూ కాదు. ఇల్లు బాగుచేయడానికి వచ్చిన పనివాళ్ళకు ఎంత కూలి ఇవ్వడం న్యాయం అన్న ఒక్క విషయానికే.

నిజాం హాలీ సిక్కా పోయి ఇండియా కల్దార్ రూపాయి వచ్చిన కొత్తలో ఈ పదవి ఆమెకు దక్కింది. పాత లెక్కలన్నీ పాత పైసలతోనే పోయాయి. పెంకులు సర్దినవాడికి ఎంత ఇవ్వాలి, గోడకు మట్టి మెత్తినవాడికి ఎంత ఇవ్వాలి అన్నది ఎవరికీ అంతుచిక్కేది కాదు. ఇచ్చేవాడికి ఎక్కువ ఇచ్చినట్టుండేది, తీసుకునేవాడికి తక్కువ ముట్టినట్టుండేది. రోజూ ఎవరిదో ఒక గడప ముందు లొల్లి. ఒకనాడు మా అత్త ఆ లొల్లికి విసిగి, పెంకులు సర్దేవాడి నిచ్చెన ఎక్కి, పొద్దు వాలేదాకా వాడి పక్కన కూర్చుని తనూ పెంకులు సర్ది, దిగివచ్చి కూలి చెప్పింది. ఇంటివాడూ పనివాడూ ఇద్దరూ ఒప్పుకున్నారు. అప్పటి నుంచి అదే ఆనవాయితీ. గోడ పని అయితే తనూ మట్టి తొక్కేది. తలుపు పని అయితే వడ్లాయనకు ఎదురుగా నిలబడి రంపం లాగేది. తను చెయ్యి పెట్టని పనికి కూలి చెప్పదు. చెప్పిన కూలి మార్చదు.

కోడలిగా నాకు ఆమెతో వంద పేచీలు. నేను వండిన పులుసు ఆమెకు ఏనాడూ నచ్చలేదు, ఆమె సణుగుడు నాకు ఏనాడూ నచ్చలేదు. కానీ ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను చూసిన బుచ్చవ్వను తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

మా ఆయన అంబదాస్ ఆ ఏడే బొంబాయి నుంచి వచ్చాడు. అక్కడ బట్టల మిల్లులో కొన్నేళ్ళు పనిచేసి, వస్తూ వస్తూ చేతికి ఒక గడియారం, నోటికి గంట లెక్క తెచ్చుకున్నాడు. “బొంబాయిల అంత గంటకే. మిల్లు భోంగ మొగితె పనిల వడ్తరు, మల్ల మొగితె బంద్. ఎవ్వడు ఎవ్వని నోరు కొట్టడు” అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. అందులో న్యాయం లేదనలేను. దొరల గడీల్లో రాత్రీ పగలూ వెట్టి చేసినవాళ్ళు మా చుట్టూ ఇంకా బతికే ఉన్నారు. గంటకింత అని లెక్క ఉంటే వాళ్ళ గతి మరొకరికి పట్టదని ఆయన నమ్మకం. మా ఆయన చెడ్డవాడు కాడు. కాస్త గడియారం పిచ్చి, అంతే. ఎసరు మరగడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూసి నాకు చెప్పేవాడు. ఆయన చూసినా చూడకపోయినా ఎసరు మరిగేది.

ఎండలు ముదిరి మా పెరటి బావిలో నీళ్ళు అడుగంటాక, లోపలి రాతికట్టులో కొన్ని రాళ్ళు జారిపోయి ఉండడం కనిపించింది. వాటి వెనక మట్టి కరిగి డొల్ల పడింది. మిరుగం కార్తె వచ్చి పెద్ద వాన కొడితే పైకట్టంతా లోపలికి జారి బావి పూడిపోతుంది. మా వాడలో నోట్లో పోసుకోదగ్గ నీళ్ళున్న బావి అదొక్కటే. మిగతావన్నీ ఉప్పునీళ్ళు, నూలు తడపడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

బావుల కట్టు తెలిసిన కొమురెల్లిని పిలిపించారు. అతని వెంట భార్య దేవవ్వ వచ్చింది. ఇద్దరూ నడివయసు వాళ్ళు. ఇద్దరి అరచేతులూ రాతిముక్కల్లా ఉండేవి.

ఆ పని తీరే వేరు. బావి అడుగుకు ఎండ దిగేది నడిమధ్యాహ్నం కొద్దిసేపే. ఆ వెలుగులోనే రాళ్ళు విప్పాలి, ఆ వెలుగులోనే పేర్చాలి. దీపం పెట్టుకుంటే పొగ కమ్మి ఊపిరాడదు. అందుకని ఎండ అడుగు తాకగానే కొమురెల్లి నడుముకు మోకు కట్టుకుని దిగేవాడు, ఎండ పోగానే పైకి వచ్చేవాడు. గిరకకు అటూ ఇటూ ఉన్న రాతి గుంజల్లో ఒకదానికి ఆ మోకును ఒక చుట్టు చుట్టి, రెండో కొస దేవవ్వ పట్టుకునేది. మిగిలిన పొద్దంతా ఇద్దరూ జామచెట్టు నీడన ఉండేవాళ్ళు. ఆమె మోకును ఒళ్ళో వేసుకుని బెత్తెడు బెత్తెడు తడిమి చూసుకునేది. అతను తలకింద రాయి పెట్టుకుని నిద్రపోయేవాడు.

ఆ నిద్రే మా ఆయనకు కంట్లో నలుసు అయింది. మొదటినాడే సాయంత్రం కొమురెల్లి కూలికి వస్తే మణికట్టు చూపించాడు.

“నువ్వు లోపట ఉన్నది గంట కూడ లేదు కొమురెల్లీ. గంటకు మేస్త్రీలకిచ్చే దానికంటె ఎక్కువనే లెక్క గట్టిన. పండుకున్నదానికి ఎట్లియ్యాలె చెప్పు?”

“నేను పండుకున్న గని, నా దినం ఏడికి వోయింది అన్నా? గీ ఎండ కోసం సూసుకుంట కూసుంటె ఇంకోకాడ పనికి పోతనా?”

“బొంబాయిల ఎవ్వలైన గంటకే చేస్తరు.”

“బొంబాయిల గిసొంటి బాయిలు ఎవ్వలు కడుతరన్నా?”

జవాబు లేనప్పుడు మగవాళ్ళు గొంతు పెంచుతారు. మా ఆయనా పెంచాడు. కొమురెల్లి పెంచలేదు. ఇచ్చిన పైసలు బావి గట్టు మీదనే పెట్టి, “రేపటి సంది నేను రాను” అని వెళ్ళిపోయాడు. దేవవ్వ మోకు చుట్ట భుజాన వేసుకుని అతని వెనకే నడిచింది.

తెల్లవారి చూస్తే పడమట మబ్బు లేచి ఉంది. ఇప్పుడు సమస్య మా ఒక్క ఇంటిది కాదు. బావిలో రాళ్ళు సగం విప్పి ఉన్నాయి, అంటే మునుపటికంటే ఇంకా ప్రమాదం. మా బావి నీళ్ళతోనే ఇల్లు గడిపే పక్కింటి అంజన్న స్వయంగా పోయి కొమురెల్లి దంపతులను బతిమాలి తీసుకొచ్చాడు. “బుచ్చవ్వ ఏం చెప్తె గది నాకు కబూల్” అన్నాడు కొమురెల్లి. మా ఆయన కూడా సరేననక తప్పలేదు.

అంజన్న మాత్రం గోడ పక్కన నిలబడి నలుగురితో గొణగడం నాకు వినిపించింది. “కడుపు చించుకుంటె కాళ్ల మీద పడ్తది. కన్నకొడుకు మీద తీర్పు చెప్తదా ఈమె? ఇయ్యాల తెలుస్తది బుచ్చవ్వ న్యాయమెంతో.”

మా అత్త అప్పుడు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఆ మాట ఆమె కూడా విన్నదని నాకు తెలుసు, ఎందుకంటే రాట్నం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరిగింది. కొడుకు చెప్పింది విన్నది, కొమురెల్లి చెప్పింది విన్నది. అప్పుడు అన్నది:

“చెయ్యి పెట్టని పనికి నేనెన్నడు కూలి చెప్పలే. ఎండ దిగినంక నేను గుడ బాయిల దిగుత.”

నా చేతిలోని కండెల బుట్ట జారిపోయింది. పొద్దున లేవాలంటే గోడ పట్టుకుని ‘రామ రామ’ అనుకునే మనిషి ఆమె.

“అవ్వా, నీకేమన్న పిచ్చి లేసిందా?” అని మా ఆయన అరిచాడు.

“ఎందరి ఇండ్లల్లనో చెయ్యి పెట్టి చెప్పిన బిడ్డా. నా ఇంటికాడికి వచ్చేసరికి కూసున్నకాడ నుంచి చెప్తె, రేపటి సంది నా మాట ఎవ్వలింటరు?”

“వినకుంటె విననియ్యి.”

“నాకున్నది గదొక్కటే గదరా” అన్నది ఆమె, మెల్లగా. ఆమెకు పొలం లేదు, బంగారం లేదు, మొగుడు పోయి ఏళ్ళయింది. ఉన్నదల్లా మాట. దాన్ని కాపాడుకోవడానికి బావిలోకి దిగుతానంటోంది.

మధ్యాహ్నానికి వాడంతా మా పెరట్లోనే ఉంది. మా అత్త చీర వెనక్కి దోపి గోచి కట్టింది. కాలి కడియాలు తీసి నా చేతిలో పెట్టింది. నడుముకు ఇంకో మోకు బిగించుకుంది. తాడు పట్టడానికి అంజన్న ముందుకు వస్తే కొమురెల్లి వద్దన్నాడు.

“పరాయోల్లు పట్టద్దు. లోపటికి దిగినోల్ల మోకు ఇంటోల్లే పట్టాలె. మా తాతల కాన్నుంచి గదే కట్టుబాటు. కొడుకుండంగ కొడుకే పట్టాలె.”

మా ఆయన ముందుకు వచ్చాడు. దేవవ్వ ఆ మోకును ఒక గుంజకు చుట్టి ఆయన చేతికి ఇచ్చి, మణికట్టు వైపు చూసి, “గది తియ్యన్నా, మోకు దానికి చిక్కుకుంటది” అన్నది. గడియారం కూడా నా చేతికే వచ్చింది. ఒక పిడికిట్లో అత్త కడియాలు, ఒక పిడికిట్లో మొగుడి గడియారం పట్టుకుని నేను గట్టు మీద బోర్లా పడుకున్నాను. నన్ను చూడొద్దన్నవాళ్ళెవరూ లేరు.

చూడొద్దన్నది ఆయన్ను. దేవవ్వ తన మోకు రెండో గుంజకు చుట్టుకుంటూ చెప్పింది: “లోపటికి సూడద్దన్నా. సూస్తె చెయ్యి వదులైతది. మోకు మీదనే పాణం పెట్టు. ఒక్కపాలి గుంజితె జర వదులు. రెండు పాల్లు గుంజితె పైకి పట్టు. ఇంకేమైనా సరే, కదలద్దు. మాట్లాడద్దు.”

ముందు కొమురెల్లి దిగాడు. అతని వెనక మా అత్త దిగింది. గోడలోంచి బయటికి పొడుచుకు వచ్చిన మెట్టురాళ్ళ మీద ఒక్కో పాదం పెట్టి, అది నిలుస్తుందో లేదో తడిమి చూసి, అప్పుడు బరువు మోపుతూ దిగింది.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ బావి నీళ్ళే తోడాను, తాగాను, వండాను. ఒక్కనాడైనా దాని గోడ చూడలేదు. ఆనాడు ఎండ లోపలికి దిగిన వెలుగులో మొదటిసారి చూశాను. సున్నం లేదు, అడుసు లేదు. ఒక రాయి ఇంకో రాయిని పట్టుకుని, అది దాని పక్కదాన్ని పట్టుకుని, గుండ్రంగా అడుగు దాకా అలాగే నిలిచి ఉన్నాయి. ఎవరో కట్టారు. వాళ్ళ పేరు మా మామకు కూడా తెలిసేది కాదట. ఎవరూ చూడని చోట, నీళ్ళ కింద, ఇంత అందంగా ఎందుకు కట్టారో! కిందివైపు ఒక్కచోట మాత్రం పన్ను ఊడినట్టు నల్లటి బొంద. దాని మీద ఉన్న రాళ్ళు దేన్ని పట్టుకుని ఆగాయో నాకు అర్థం కాలేదు. ఊపిరి గట్టిగా వదిలితే పడిపోతాయేమో అనిపించింది.

మా అత్త ఆ బొంద దగ్గరికి చేరింది. కొమురెల్లి ఏదో చెప్పాడు. ఆమె రెండు చేతులూ పైకెత్తి, పైవరుస రాళ్ళకు అరచేతులు ఆనించి నిలబడింది. అతను కింద కూర్చుని ఒక వదులు రాయిని లాగడం మొదలుపెట్టాడు. అప్పుడు బావి మూలిగింది. ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు. ఇసుర్రాయి తిప్పినట్టు ఒక చప్పుడు గోడ చుట్టూ తిరిగి పైకి వచ్చి, నేను పడుకున్న గట్టురాయిలోకి వచ్చి, నా పక్కటెముకలకు తగిలింది. ఆ మొత్తం కట్టు కింద, చేతులెత్తి, గోడ పట్టుకుంటే తప్ప లేవలేని మా అత్త నిలబడి ఉంది. ఆమె చేతులు కదల్లేదు.

అంతలో ధబ్బుమని ఏదో పడింది. దుమ్ము లేచి బావి నిండిపోయింది. నాకేమీ కనిపించలేదు.

మా ఆయన చేతిలోని మోకు ఒక్కసారిగా వదులైపోయింది. అప్పటిదాకా కాస్తో కూస్తో బిగువుగా ఉన్నది, ఇప్పుడు చచ్చిన పాములా వేలాడింది. ఆయన బావి వైపు తల తిప్పబోయాడు.

“సూడకు” అన్నది దేవవ్వ. ఆమె చూపు తన మోకు మీదే ఉంది. “గుంజకు. ఆగు.”

“వదులైంది... వదులైంది చెల్లే...”

“నాది గుడ వదులైంది. ఆగు.”

ఆమె మోకు కూడా అలాగే వేలాడుతోంది. ఆమె పెదవి కొరుక్కోలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. రెండు చేతుల్లో మోకును చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, వినేదంతా అరచేతులతోనే వింటున్నట్టు నిలబడింది. నేను ఒకసారి దుమ్ములోకి, ఒకసారి ఆమె వైపు చూశాను. ఎవరిని చూసి నాకు అంత భయమూ అంత భక్తీ కలిగాయో ఇప్పటికీ చెప్పలేను. రోజూ ఈ మనిషి ఇలా నిలబడే ఇంటికి పోయి గట్క వండుకుంటోందా?

మా ఆయన మోకు చిన్నగా కదిలింది. ఆగింది. దుమ్ము పలచబడింది. లోపల కొమురెల్లి కొత్త రాయిని బొందలోకి జరుపుతున్నాడు, మా అత్త చేతులు ఇంకా పైకే ఉన్నాయి. వాళ్ళిద్దరూ కట్టుకు దగ్గరగా జరిగినందుకే మోకులు వదులయ్యాయి. పడింది విప్పిన పాత రాయి. రాయి బిగిశాక ఆమె చేతులు దించింది, మోకును రెండుసార్లు గుంజింది.

ఆయన పైకి లాగుతుంటే, ఆమె ఒక్కో మెట్టురాయి పట్టుకుని ఎక్కివచ్చింది. తలంతా దుమ్ము, అరచేతుల్లో నెత్తురు. నేను చేయి అందించి గట్టు మీద కూర్చోబెట్టాను. ఆమె కూర్చున్నాక కూడా మా ఆయన మోకు వదల్లేదు. వదలలేకపోయాడు. దేవవ్వే వచ్చి ఆయన వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పింది.

కొమురెల్లి కూడా పైకి వచ్చాడు. మా అత్త చెంబెడు నీళ్ళు తాగి, కొడుకును అడిగింది. “నేను ఎంతసేపున్న బిడ్డా లోపట?”

“మస్తు సేపున్నవ్ అవ్వా. రెండు గంటలు ఉంటది” అన్నాడు ఆయన.

నేను పిడికిలి విప్పి గడియారం చూపించాను. అరగంట కూడా కాలేదు. ఆయన నమ్మలేదు. ఆగిపోయిందనుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది తన మానాన తను నడుస్తూనే ఉంది.

మా అత్త వాడవాళ్ళందరికీ వినపడేట్టు చెప్పింది: “కొమురెల్లికి దినం కూలి. పెద్ద మేస్త్రీకి ఎంతిస్తరో గంత. ఎండ ఎంతసేపున్నా సరే. నేను చెయ్యి పెట్టి చూసిన, నేను చెప్తున్న.”

జనంలో ఒక నిట్టూర్పు లేచింది. అంజన్న తల దించుకున్నాడు. అందరూ కదలబోతుంటే ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

“ఇంకోటున్నది. తాడు పట్టినదానికి ఎంత?”

అంజన్నకు నవ్వొచ్చింది. “తాడు పట్టుడుకు కూలేంది బుచ్చవ్వా? ఆయన పెండ్లామే గద!”

“గది నాకెర్కలేదు. తాడు నేను పట్టలే. పట్టనిదానికి నేను చెప్ప.” ఆమె కొడుకు వైపు తిరిగింది. “పట్టింది నువ్వు. నువ్వే చెప్పాలె.”

మా ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. మోకు ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. బొంబాయి మాట ఏదైనా తీస్తాడేమో అనుకున్నాను. తీయలేదు.

“కింద ఉన్నోని కంటె ఎక్కువియ్యాలె” అన్నాడు.

నలుగురైదుగురు పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. నవ్వినవాళ్ళకు అది చూసి నవ్వు ఆగిపోయింది.

ముందుగా మాట్లాడింది కొమురెల్లి. “నిజమే అన్నా. లోపటికి దిగినంక నాకు ఫికరుండది. రాయి కనవడ్తది, చెయ్యి కనవడ్తది. దీనికే ఏం కనవడది. పెండ్లైన కాన్నుంచి పడుతనే ఉన్నది. నేనెన్నడు అడగలే, ఎవ్వలియ్యలే.”

అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె సవరిస్తుందని, సగం చేస్తుందని, ఊరు ఒప్పుకునే మాట ఏదో చెబుతుందని ఎదురుచూశారు. నేను కూడా చూశాను.

“చెయ్యి పెట్టినోని మాట. నేను మార్చ” అన్నది ఆమె.

దేవవ్వ ఆ మాటలకు సంతోషించిందో లేదో తెలియలేదు. ఆమె బావిలోకి ఒకసారి చూసి, కొమురెల్లితో, “ఎండ ఇంకింత ఉన్నది. ఆ ఒక్క రాయి కూసోవెడితె మిరుగమొచ్చినా ఫికరుండది” అన్నది. అతను నడుముకు మోకు బిగించుకుని మళ్ళీ దిగాడు. ఆమె రెండో కొస గుంజకు చుట్టి పట్టుకుంది.

జనం వెళ్ళిపోయారు. మా ఆయన వెళ్ళలేదు. గట్టు దగ్గరికి వచ్చి, కమిలిన చేతులు రాతికి ఆనించి, కొమురెల్లి ఎక్కడిదాకా దిగాడో చూడాలని ముందుకు వంగాడు.

దేవవ్వ మోకు మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నది.

“అన్నా, జర పక్కకు జరుగు. నీ నీడ బాయిల వడ్తుంది.”

ఆయన పక్కకు జరిగి, ఆమె చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు.